కడలిపై వార్త నడిపిన మార్కోనీ

నడిసముద్రంలో ఆపదకు గురైన నావికుని మొర ఒడ్డుకు చేరవలెనంటే పూర్వం జెండాలు, దీపాలు, తుపాకి మోతలే శరణ్యం. కనుచూపు మేర దాటితే అవీ నిష్ఫలమే. ఈ నిస్సహాయతను తొలగించిన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు గూగ్లియెల్మో మార్కోనీ.

ఆయన 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యాలో జన్మించారు. తండ్రి ఇటలీ భూస్వామి, తల్లి ఐర్లండు వనిత. విశ్వవిద్యాలయ పట్టం లేకపోయినా విద్యుత్తుపై ఆసక్తి మాత్రం అపారం. విద్యుదయస్కాంత తరంగాల ఉనికిని హెర్ట్జ్ అప్పటికే నిరూపించగా, కలకత్తాలో మన జగదీశ చంద్ర బోసు వాటితో అద్భుత ప్రయోగాలు చేస్తున్నారు.

1895లో మార్కోనీ తన ఇంటి వద్ద పరికరపు ఒక కొనను తీగతో ఆకాశానికెత్తి, రెండవ కొనను భూమికి కలిపారు. అంతవరకు కొద్ది దూరంలోనే ఆగిన సంకేతం గుట్టను దాటి సుమారు రెండు కిలోమీటర్లు పయనించింది. పైనున్న ఏరియల్‌కు క్రిందనున్న ఎర్త్ జోడు కావడమే అందలి రహస్యం.

మరి భూమియే లేని సముద్రంపై? ఉప్పునీరు ఉత్తమ విద్యుద్వాహకం. ఇనుప ఓడకు దాని కాయమే ఎర్త్ అవుతుంది. కొయ్యతో చేసిన తెరచాప పడవకు అడుగున నీట మునిగి ఉండే రాగిరేకు ఆ పని చేస్తుంది. తెరచాప కొయ్య ఏరియల్‌ను ఎత్తి నిలుపుతుంది. అవరోధమనుకున్న సముద్రమే ఆ విధంగా సహాయకారి అయింది.

1897 మే నెలలో బ్రిస్టల్ చానెల్ మీదుగా ఆయన వార్త పంపారు. 1901 డిసెంబరు 12న గాలిపటం ఎత్తిన తీగతో, అట్లాంటిక్ ఆవలి నుండి వచ్చిన సంకేతాన్ని న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నట్లు ప్రకటించారు. 1909లో బ్రౌన్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందారు. 1912లో టైటానిక్ మునిగినపుడు దాదాపు ఏడు వందల మంది బ్రతికి బయటపడ్డారంటే, వైర్‌లెస్ పిలుపు విని కార్పేథియా ఓడ రావడమే కారణం. 1919లో కొన్న ఎలెట్ట్రా నౌకను ఆయన తేలియాడే ప్రయోగశాలగా మార్చుకున్నారు.

ముస్సోలినీ పాలనను సమర్థించడం ఆయన జీవితంలో చెరగని మచ్చ. 1937 జూలై 20న రోములో ఆయన మరణించినపుడు ప్రపంచ రేడియో కేంద్రాలు రెండు నిమిషాలు మౌనం పాటించాయి.

ఈ చరిత్ర మన గోదావరి తీరానికి దూరమైనది కాదు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వారిలో వేటకు వెళ్లిన మత్స్యకారులెందరో! పడవలో సెట్టు ఉండడమొక్కటే చాలదు. ఉప్పుగాలికి చిలుము పట్టిన ఒక్క తీగముడి దానిని మూగను చేయగలదు. కనుక పరికరాన్ని కనిపెట్టినవారిని కీర్తించడంతో మన బాధ్యత తీరదు. ఆ తీగను సరిచూడగల విద్యను ఉప్పాడ, అంతర్వేది తీరవాసులకు అందించడం కూడా విజ్ఞానశాస్త్ర విద్యార్థుల కర్తవ్యమే.