పుస్తకమును గురువుగా చేసికొన్న బాలుడు

జాన్ బన్యన్ వ్రాసిన యాత్రికుని ప్రయాణము మీలో అనేకులు ఎరిగిన గ్రంథమే. దానిని మనము కథ కొఱకు చదువుదుము. బన్యన్ ఆ కథను ఏ విధముగా చెప్పెనో ఆగి చూచువారు అరుదు. అట్లు చూచిన ఒక పేదబాలుని సంగతి ఈ నెల వ్రాయుచున్నాము.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో అమెరికాలోని బోస్టను పట్టణమందు పుట్టెను. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవారిలో ఒకడై, 1790లో మరణించినవాడు ఇతడే. తండ్రి క్రొవ్వొత్తులును సబ్బును చేసి అమ్ముకొనువాడు. ఆయనకు పదునేడుగురు బిడ్డలు. కుమారులలో ఇతడు పదియవవాడు గనుక, దశమభాగముగా ఇతనిని సంఘసేవకు ఇయ్యవలెనని తండ్రి తలంచి, ఎనిమిదవ యేట బడికి పంపెను. ఖర్చునకు తాళలేక పదియవ యేట మాన్పించెను. పండ్రెండేండ్లకు అన్నయైన జేమ్సు అచ్చుకూటములో పనికి కుదిర్చెను.

ఆ దినములలో స్త్రీలకు గొప్ప విద్య తగునా అను వాదము ఇతనికిని ఒక స్నేహితునికిని పుట్టి, ఇద్దరును ఉత్తరములు వ్రాసికొనిరి. తగునని బెంజమిన్ పక్షము. ఆ ఉత్తరములు తండ్రి కంటబడెను. ఆయన వాదము జోలికి పోలేదు. అక్షరదోషములు లేవు గాని, సొగసును క్రమమును స్పష్టతయు స్నేహితుని వ్రాతలోనే ఎక్కువయని, ఆయా చోట్లను చూపి చెప్పెను. కుఱ్ఱవాడు అలుగలేదు. తండ్రి మాట న్యాయమని ఒప్పుకొనెను.

సుమారు ఆ కాలమందే స్పెక్టేటరు అను పత్రిక సంపుటమొకటి ఇతనికి దొరికెను. 1711లో అడిసన్, స్టీల్ అనువారు లండనులో ఆరంభించిన పత్రిక అది. ఇతడు ఒక వ్యాసము తీసికొని, ప్రతి వాక్యములోని భావమునకు చిన్న గుర్తు వ్రాసికొని, పుస్తకము మూసివేయును. కొన్ని దినములైన తరువాత, ఆ గుర్తులనుబట్టి వ్యాసమంతయు తన మాటలతో వ్రాయును. అప్పుడు పుస్తకము తెరచి రెంటిని పోల్చును. తప్పులు అక్కడ బయటపడును.

పోల్చగా, తనయొద్ద మాటల నిలువ తక్కువయని తెలిసెను. అందుకు కొన్ని కథలను పద్యములుగా మార్చెను. పద్యమునకు ఒకే అర్థముగల మాటలు నాలుగైదు వెదకవలెను. ఒకటి పొడవు చాలదు, ఒకటి ప్రాసకు కుదరదు. (పద్యము కట్టబోయినవారికి ఈ పాట్లు తెలియును.) వచనము మరచిన పిమ్మట ఆ పద్యములను మరల వచనము చేసెను. ఇంకొకప్పుడు గుర్తులన్నిటిని తారుమారుచేసి, కొన్ని వారములు గడచిన తరువాత వాటిని సరియైన వరుసలో పెట్టజూచెను. రచయిత ఏ మాటను ముందు పెట్టెనో, దేనిని వెనుకకు ఆపెనో, ఎందుకు ఆపెనో, అట్లు చేసినగాని తేటపడదు. ఈ సాధనయే అన్నిటికంటె గొప్పదని మా తలంపు. కొన్ని చిన్న విషయములలో తాను మూలముకంటె బాగుగా వ్రాసితినని తోచినప్పుడు సంతోషించెడివాడు.

వేళ ఎక్కడిదందురా? పనికి ముందు వేకువను, పని తీరిన రాత్రియు, ఆదివారములును. ఆదివారము ఆరాధన తప్పించుకొని అచ్చుకూటములో ఒంటరిగా కూర్చుండెడివాడు. తానే ఇది వ్రాసెను గనుక మేము దాచుట లేదు, మెచ్చుటయు లేదు.

1722లో, పదునారేండ్ల ప్రాయమున, ఒక విధవరాలి పేర వ్యాసము వ్రాసి, రాత్రివేళ అచ్చుకూటపు తలుపు క్రింద పెట్టెను. తమ్ముని వ్రాతయని తెలిసినయెడల అన్న అచ్చువేయడని భయము. అన్న మిత్రులు చదివి మెచ్చుకొని, వ్రాసినది ఫలాని పండితుడై యుండునని ఊహించుచుండగా, ఇతడు వినుచుండెను. అట్టివి పదునాలుగు అచ్చుపడెను.

మరుసటి యేట అన్నతో పొసగక ఇల్లు విడిచి, న్యూయార్కునుండి పడవలో పోవుచుండగా, త్రాగియున్న డచ్చివాడొకడు నీళ్లలో పడెను. బెంజమిన్ జుట్టుపట్టి పైకి లాగెను. అతడు జేబులోని తడిసిన పుస్తకము తీసి, ఆరబెట్టుమని ఇచ్చి నిద్రపోయెను. చూడగా, డచ్చి భాషలో యాత్రికుని ప్రయాణము! మంచి కాగితము, రాగిపలకలతో అచ్చువేసిన బొమ్మలు. బెంజమిన్ మొదట కొని కూర్చుకొన్నవి బన్యన్ గ్రంథములే. కథ నడుమ మనుష్యులచేత మాటలాడించుట, తాను ఎరిగినంతలో బన్యన్‌తోనే మొదలైనదనియు, అందువలన చదువరి తానును ఆ గుంపులో నిలిచి వినుచున్నట్లు ఉండుననియు ఫ్రాంక్లిన్ తన జీవితచరిత్రలో ఆ పడవ సంగతి చెప్పుచు వ్రాసెను. ఆ చరిత్రను 1771లో ఆరంభించెను. అప్పటికాయన వయస్సు అరువదియైదు.