కాలయంత్ర కర్త హెచ్. జి. వెల్స్

లండను నగరమునకు దాపున, బ్రామ్లీ యను పట్టణమున, ప్రధాన వీథిలో పింగాణి పాత్రలును క్రికెట్ సామగ్రియు అమ్ము ఒక చిన్న దుకాణ ముండెడిది. దానిని నడపినవాడు జోసెఫ్ వెల్స్. వ్యాపారమున నేర్పు లేనివాడే కాని క్రికెట్ ఆటలో ప్రవీణుడు. 1862లో కెంటు జట్టు పక్షమున వరుసగా నాలుగు బంతులకు నలుగురిని పడగొట్టిన ఖ్యాతి అతనిది. భార్య సారా వివాహమునకు పూర్వము ధనికుల యింట పరిచారిక. ఈ దంపతుల కడపటి కుమారుడు హెర్బర్ట్ జార్జి వెల్స్ 1866 సెప్టెంబరు 21వ తేదీన జన్మించెను. ఆ యింటి వంటగది నేలకు దిగువ నుండెను. కాలిబాటలో అమర్చిన యినుప కమ్ముల సందునుండి దానికి వెలుతురు వచ్చెడిది. అందుండి తల యెత్తి చూచిన బాలునకు కనబడునవి వీథిలో నడచువారి బూట్ల అడుగుభాగములే.

1874లో కాలు విరిగి మంచము పట్టినపుడు తండ్రి తెచ్చియిచ్చిన పుస్తకములు ఆ బాలునకు చదువుపై మక్కువ కలిగించినవి. మూడేండ్లకు తండ్రి తొడయెముక విరిగెను. క్రికెట్ వలన వచ్చు సంపాదన ఆగిపోయెను. 1880లో తల్లి సస్సెక్సులోని అప్‌పార్క్ అను గొప్ప భవనమున గృహనిర్వాహకురాలుగా కుదిరెను. కుమారుని సౌత్‌సీ పట్టణమున ఒక బట్టల దుకాణములో పని నేర్చుకొనుటకు పెట్టిరి. దినమునకు 13 గంటల చాకిరి. రెండేండ్లు సహించి, 1883లో ఒక ఆదివారము ఉదయమున 17 మైళ్ళు కాలినడకను తల్లి కడకు పోయి, ఇక నా పని చేయజాలనని అతడు మొరపెట్టుకొనెను.

ఆ భవనమున నేలక్రింద సొరంగములు కలవు. వంటవారును సేవకులును దొరల కంటబడక తిరుగుట కవి యేర్పడినవి. పైన చక్కని గ్రంథాలయము కలదు. ప్లేటో ‘రిపబ్లిక్’ను, స్విఫ్ట్ రచనలను వెల్స్ అచ్చటనే చదివెను. పైన తీరికగల వారు, క్రింద వారికై శ్రమించువారు. ఈ విభాగము వాని మనస్సున చెరగని ముద్ర వేసెను.

మిడ్‌హర్స్ట్ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హొరేస్ బయట్ ఈ కుఱ్ఱవాని ప్రతిభ గుర్తించి, విద్యార్థిగాను సహాయోపాధ్యాయునిగాను చేర్చుకొనెను. ఆ చేయూతయే లేకున్న వెల్స్ జీవితము గుడ్డలు మడచుటలో ముగిసియుండును. 1884లో విద్యార్థివేతనము లభించి, లండనులోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్సున సుప్రసిద్ధ జీవశాస్త్రవేత్త టి. హెచ్. హక్స్‌లీకి శిష్యుడయ్యెను. అయినను 1887లో తుదిపరీక్ష తప్పెను. వేల్సు దేశమున పంతులుగా చేరగా, ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బకు మూత్రపిండము చెడెను. 1890లో లండను విశ్వవిద్యాలయమున బి.ఎస్‌సి. పట్టము పొంది, పాఠములు చెప్పుచు, 1893లో జీవశాస్త్ర పాఠ్యగ్రంథము ప్రకటించెను. ఆ యేడే రక్తము కక్కుకొని బోధనవృత్తి మానవలసివచ్చెను. పంతులు పనికి పనికిరాని ఆరోగ్యము ఆంగ్ల సాహిత్యమునకు మేలే చేసినది.

1895లో ‘టైమ్ మెషీన్’ వెలువడెను. కాలయంత్ర మెక్కి ఒక శాస్త్రజ్ఞుడు క్రీ. శ. 8,02,701వ సంవత్సరమునకు పోవును. అప్పటికి మానవజాతి రెండుగా చీలియుండును. భూమిపై నుండువారు ఎలోయ్‌లు. సుకుమారులు, బుద్ధిమాంద్యము కలవారు. భూగర్భమున నుండువారు మోర్లాకులు; యంత్రములు నడుపుచు, వెలుతురు కోర్వలేక, చీకటి పడినంతనే పైకివచ్చి ఎలోయ్‌లను పట్టి తినువారు. శ్రమింపక తిన్నవారి సంతతి మొదటిది. వారికై శ్రమించిన వారి సంతతి రెండవది. హక్స్‌లీ శిష్యుడును, అప్‌పార్క్ సొరంగముల నెరిగిన పరిచారిక కుమారుడును కలసి వ్రాసిన కథ యిది.

సినిమా పుట్టినదియు ఆ యేడే. రాబర్ట్ పాల్ అను పరికర నిర్మాత ఆ నవల చదివి, ప్రేక్షకులు ఊగెడు ఆసనములపై కూర్చుండి తెరపై భూతభవిష్యత్తులను చూచు ప్రదర్శనకై 1895 అక్టోబరులో పేటెంటు కోరెను. అది కార్యరూపము దాల్చలేదు. 1902లో ఫ్రాన్సున మెలియే నిర్మించిన చంద్రయాత్ర చిత్రమున వెర్న్ కల్పనలతోపాటు వెల్స్ కల్పనలును చేరినవి.

1933లో జేమ్స్ వేల్ దర్శకత్వమున ‘ఇన్విజిబుల్ మాన్’ చిత్రము వచ్చెను. నటునికి నల్లని మఖమలు కప్పి, దానిపై దుస్తులు తొడిగి, నల్లని తెరముందు చిత్రించిరి. నలుపు నలుపులో లీనమై, తల లేని చొక్కా నడచుచున్నట్లు కనబడెను. ఆ బొమ్మను గది దృశ్యముతో జతపరచిరి. ఈ నేర్పునకు వంక లేదు. వెల్స్‌కును చిత్రము చాలవరకు నచ్చెను. కాని 1897 నాటి నవలలో గ్రిఫిన్ అదృశ్యుడు కాకమునుపే తండ్రివద్దనున్న పరుల సొమ్ము దొంగిలించి, తండ్రి ఆత్మహత్యకు కారకుడైన స్వార్థపరుడు. చిత్రమున అతడు సజ్జనుడు, ఒక కన్యను ప్రేమించినవాడు. మందు వికటించి ఉన్మాది యగును. పేదరికమున ముదిరిన ద్వేషమను కారణము పోయి సీసాలోని ద్రవము కారణమైనది. ఈ మార్పునకు వెల్స్ అభ్యంతరము తెలిపెను.

మరి రచయితయే చిత్రకథ వ్రాసిన నెట్లుండును? అలెగ్జాండర్ కోర్డా ఆ అవకాశ మిచ్చెను. ఫ్రిట్స్ లాంగ్ తీసిన ‘మెట్రోపొలిస్’ను 1927లో తీవ్రముగా ఖండించిన వెల్స్, ‘థింగ్స్ టు కమ్’ చిత్రము దానికి అన్నివిధముల భిన్నముగా నుండవలెనని శిల్పులకు సూచనలు పంపెను. 1936లో ఆ చిత్రము విడుదలయ్యెను. అందు ప్రపంచ యుద్ధము 1940 క్రిస్మసు నాడు మొదలగును. అసలు యుద్ధము అంతకు దాదాపు పదునారు నెలల ముందే వచ్చెను. నగరముపై బాంబులు కురియు దృశ్యములు నేటికిని భయము గొల్పును. మరి 2036 నాటి నగరము భూగర్భముననే యున్నది, ధవళకాంతులతో వెలుగుచున్నది! చీకటి వంటగదిలో పెరిగినవాడు నేలక్రిందికే పట్టపగలు తెచ్చెను. అయినను పాత్రలు మాటలాడవు, ఉపన్యసించును. ఫలితము వెల్స్‌నే నిరాశపరచెను. తన కథను పరులు మార్చిరని చింతించిన రచయిత, తానే తెరకు వ్రాసినపుడు కథను మరచి బోధనకు దిగెను.

1938 అక్టోబరు 30వ తేదీ రాత్రి ఆర్సన్ వెల్స్ ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ను అమెరికాకు మార్చి వార్తాప్రసారము వలె రేడియోలో వినిపింపగా కొందరు నిజమని భయపడిరి. పత్రికలు ఆ భయమును పెంచి వ్రాసినవి.

1946 ఆగస్టు 13వ తేదీన వెల్స్ లండనులో మరణించెను. 1949 జనవరిలో బి.బి.సి. వారు టెలివిజనులో ‘టైమ్ మెషీన్’ను నాటకముగా ప్రత్యక్ష ప్రసారము చేసిరి. 1953లో జార్జి పాల్ నిర్మించిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ కథాస్థలము కాలిఫోర్నియా. యూరపియనులు టాస్మేనియా ప్రజలను రూపుమాపిన వైనమును నవల ఆరంభమున వెల్స్ గుర్తుచేసెను. అంగారకులు బ్రిటనుకు చేసినది బ్రిటను పరులకు చేసినదే యని భావము. చిత్రమున ఆ ప్రస్తావన లేదు. నవలలో భయముచే మతిచెడిన మతాచార్యుని స్థానమున ధీరుడైన మతాచార్యుడు వచ్చెను. 2019 నాటి బి.బి.సి. ధారావాహిక కథను మరల ఇంగ్లండుకు చేర్చి, సామ్రాజ్య ప్రసంగమును కొంత తెచ్చినది.

జార్జి పాల్ 1960లో తీసిన ‘టైమ్ మెషీన్’ అంతకన్న మనోహరము. కాలయంత్రము కదలుచుండగా ఎదుటి దుకాణపు కిటికీలో నిలిపిన స్త్రీబొమ్మకు ఏడాది కేడాది దుస్తులు మారుచుండును. ఇది నవలలో లేదు. బట్టల దుకాణమున పనిచేసిన వెల్స్‌కు తట్టని ఈ ఊహ సినిమాకు తట్టినది; అక్షరములు చేయలేని పనిని అది క్షణములో చేసినది. కాని ఎలోయ్‌లు, మోర్లాకులు చీలుటకు కారణమేమి? చిత్రమున దీర్ఘకాలము సాగిన యుద్ధము; భూగర్భమున దాగినవారిలో కొందరు అచ్చటనే యుండి మోర్లాకులైరి. 2002లో వెల్స్ మునిమనుమడు సైమన్ వెల్స్ తీసిన చిత్రమున చంద్రుడు బ్రద్దలగుట కారణము. రెంటను దొరలును లేరు, సేవకులును లేరు. నవలలో మరణించు వీనా 1960 చిత్రమున జీవించియుండును. సూర్యుడు చల్లారిన సముద్రతీరమున నిర్జనమైన భూమి కనబడు ఘట్టము మాత్రము తొలగింపబడెను.

విద్యార్థిదశలోనే ఈ నవలపై మనసుపడిన సింగీతం శ్రీనివాసరావు 1991లో తెలుగున ‘ఆదిత్య 369’ తీసెను. వెల్స్ కథానాయకుడు భవిష్యత్తునకే గాని గతమునకు పోడు. తెలుగు చిత్రమున యంత్రము మొదట 1526వ సంవత్సరమునకు, శ్రీకృష్ణదేవరాయల కొలువునకు పోయి, పిదప 2504వ సంవత్సరమున యుద్ధానంతరము భూగర్భమున తలదాచుకొన్న మానవుల నడుమ దిగును.