కథను కల్పించిన కవి: పింగళి సూరన

పింగళి సూరన పేరు వినగానే పండితులకు మొదట తలంపునకు వచ్చునది రాఘవపాండవీయము. ఒకే పద్యమున రామకథను, భారతకథను నడిపించిన ఆ ద్వ్యర్థికావ్యము ఆయనకు గొప్ప కీర్తి తెచ్చినది. ఆ కీర్తియే చిరకాలము ఆయన ముఖమునకు తెర యయినది. ఆ తెర వెనుక నున్నవాడు మంత్రశక్తులను, యౌవనప్రేమను, మరణమును దాటి మేల్కొను అనురాగమును కథలుగా అల్లిన అద్భుత కథకుడు.

సూరన 16వ శతాబ్దివాడు. తండ్రి అమరనామాత్యుడు, తల్లి అబ్బమాంబ. విజయనగర ప్రభువుల యేలుబడిలో తెలుగు ప్రబంధము విరగబూచిన కాలమది. రాఘవపాండవీయమును ఆకువీటి ప్రభువు పెదవేంకటాద్రి కృతినందెను. కళాపూర్ణోదయమును నంద్యాల ప్రభువు కృష్ణమరాజు కృతినందెను. వీనికి తోడు సూరన గరుడపురాణమును తెనిగించెను. అది నేడు లభించుట లేదు.

మృతుని పరలోకయాత్రను వర్ణించు గరుడపురాణము వంటి వాఙ్మయము ఇతర దేశములందును కలదు. ప్రాచీన ఈజిప్టువారు పపైరసు చుట్టలపై మంత్రములు వ్రాసి మృతులతో సమాధులలో ఉంచెడివారు. వారి పురాణములో ఒసిరిస్ దేవుని సోదరుడు సెత్ చంపివేయగా, భార్య ఐసిస్ ఖండఖండములైన భర్త దేహమును వెదకి కూర్చి, పక్షిరూపమున రెక్కలతో ఊపిరి యూది, హోరసు అను కుమారుని కన్నది. మృత్యువు కంటె ప్రేమకు పట్టుదల యెక్కువ యని ఆ కథ చెప్పును. నైలునదీతీరపు ఈ కథతో సూరనకు సంబంధము లేదు. అయినను అదే భావమును ఆయన మరియొక త్రోవన పట్టుకొనెను. పురాణము నుండి కథను తెచ్చుకొనక తానే కల్పించెను. ప్రసిద్ధకథకే గౌరవ మున్న కాలమున అది సాహసము.

కళాపూర్ణోదయమున కలభాషిణి యను ద్వారకాకన్య నలకూబరుని వలచి, రంభ రూపము దాల్చును. నారదశిష్యుడు మణికంధరుడు నలకూబరుని రూపము దాల్చును. ఇరువురు రంభలు, ఇరువురు నలకూబరులు ఎదురుపడి, ఎవరు నిజమో తెలియని చిక్కు పుట్టును. తుదకు కలభాషిణి దేవి సన్నిధిని బలి యగును. మణికంధరుడును ఆ జన్మము చాలించును. కాని కథ అక్కడ ముగియదు. ఆమె మధురలాలసగా, అతడు కళాపూర్ణుడుగా మరల జన్మింతురు. మాటలు రావలసిన వయసైన లేని పసిబిడ్డ పూర్వకథను చెప్పనారంభించును. ఇంకొక వింత: ఈ కథ యంతయు జరుగక పూర్వమే బ్రహ్మ సరస్వతికి చెప్పినది, ఆయన చెప్పుటచేతనే లోకమున జరిగినది. కల్పన అబద్ధము కాదని, అదియు ఒక సృష్టియే యని చెప్పుటకు ఇంతకంటె చక్కని యుక్తి లేదు.

అద్భుతముల నడుమ సూరన మనుష్యహృదయమును మరువలేదు. అలంకరించుకొని వచ్చిన సుగాత్రిని కన్నెత్తి చూడని భర్త శాలీనుడు, తోటపనిలో అలసి చెమర్చిన ఆమెను చూచి వలచును. ఆభరణములను వర్ణించుటయే కవిత్వమైన ప్రబంధయుగమున వ్రాసిన ఘట్టమిది!

రాజులకు కావ్యము లిచ్చిన సూరన ప్రభావతీప్రద్యుమ్నమును తన తండ్రికి అంకితము చేసెను. తండ్రికి ఆయన ఎన్నుకొన్నది పడుచువారి ప్రేమకథ. హరివంశములోని ఆ కథలో వజ్రనాభుడను దానవుని పురమున గాలికైనను ఆజ్ఞ లేనిదే ప్రవేశము లేదు. అతని కూతురు ప్రభావతి శత్రుపక్షమువాడైన ప్రద్యుమ్నుని వలచును. శుచిముఖి యను హంసి దౌత్యము నడపును; నటుని వేషమున ప్రద్యుమ్నుడు కోట చొచ్చును. ప్రేమ ఫలించునప్పటికి తండ్రికి చావు సిద్ధమైనది. తండ్రికీ, వలచినవానికీ నడుమ నిలిచిన కన్య కథను కవి తన తండ్రి చేతిలో పెట్టుట ఆలోచింపదగిన విషయము.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వవిచారమున కళాపూర్ణోదయమును విపులముగా చర్చించి, సూరనలోని కథాశిల్పిని లోకమునకు చూపెను. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్ల ఆంగ్లానువాదములుగా 2002లో కళాపూర్ణోదయము, 2006లో ప్రభావతీప్రద్యుమ్నము దేశాంతరములకు చేరినవి.

సూరన తెనిగించిన మృత్యుగ్రంథము కాలగర్భమున కలిసినది. ఆయన కల్పించిన ప్రేమకథ మాత్రము నాలుగు శతాబ్దులు దాటి, మధురలాలస వలె తన పూర్వజన్మమును తానే చెప్పుకొనుచున్నది.