ఇబ్నుల్ హైసమ్ చెప్పిన లెక్క

అబూ అలీ హసన్ ఇబ్నుల్ హైసమ్ సుమారు 965లో ఇరాక్‌లోని బస్రా పట్టణంలో జన్మించారు. వెలుగు, చూపు గురించి కితాబుల్ మనాజిర్ రాసిన మహనీయుడిగా ఆయన పేరు లోకమంతా తెలుసు. లెక్కల్లో కూడా ఆయన అంతటి వారేనన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

నైలు నది నీటిని అదుపు చేసే పని మీద ఆయన ఈజిప్టు వెళ్ళారు. తీరా నది వెంట పోయి చూస్తే అది అయ్యే పని కాదని తేలింది. ఖలీఫా హాకిమ్ ఆగ్రహానికి భయపడి మతి చెడినట్టు నటించారనీ, 1021లో ఖలీఫా పోయేదాకా నిర్బంధంలోనే గడిపారనీ చరిత్రకారులు రాశారు. ఆ తర్వాత కైరోలో అల్ అజ్హర్ మసీదు దగ్గర ఉంటూ, గణిత గ్రంథాలకు నకళ్ళు రాసి ఆ డబ్బుతోనే బతికారు. 1040 ప్రాంతంలో కన్నుమూశారు.

ఆయన విప్పిన ఒక లెక్క చూడండి. ఒక సంఖ్యను 2, 3, 4, 5, 6లలో దేనితో భాగించినా 1 మిగలాలి, 7తో భాగిస్తే ఏమీ మిగలకూడదు. 1 నుంచి 6 దాకా వరుసగా గుణిస్తే 720. ఒకటి కలిపితే 721. అది ఏడు నూటమూళ్ళు. 301 కూడా సరిపోతుంది గాని, ఆయన చూపిన దారి ఏ ప్రధాన సంఖ్యకైనా, అంటే మన ఉర్దూ మీడియం పిల్లలు చదివే ముఫ్రద్ అదద్‌కైనా పనిచేస్తుంది. 6 ప్రధాన సంఖ్య కాదు. అందుకే 5 దాకా గుణించి ఒకటి కలిపితే వచ్చే 121, 6తో పోదు. 1770లో ఇంగ్లండులో అచ్చయిన ఈ సూత్రం విల్సన్ పేరుతో ప్రసిద్ధమైంది. 1771లో రుజువు చేసిన ఘనత లగ్రాంజ్‌ది.

2ను 2తో గుణిస్తూ పోయి ఒకటి తీసేస్తే కొన్నిసార్లు 3, 7, 31 లాంటి ప్రధాన సంఖ్యలు వస్తాయి. వాటి నుంచి 6, 28, 496 వంటి పరిపూర్ణ సంఖ్యలు పుడతాయి. సరి సంఖ్యల్లో పరిపూర్ణమైనవన్నీ ఇలాగే పుడతాయని చూపడానికి ఇబ్నుల్ హైసమ్ ప్రయత్నించారు. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఆయిలర్ దాన్ని పూర్తి చేశారు. 2024 అక్టోబరులో కంప్యూటర్లతో కనుగొన్న 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య కూడా ఈ వంశానిదే.

ఇబ్నుల్ హైసమ్ రిసాలాలను 1938 ప్రాంతంలో అచ్చువేసింది ఎవరో కాదు, మన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్. ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోని ఆ సంస్థ మన బహదూర్‌పల్లికి ఒక పూట ప్రయాణం కూడా కాదు.

మనవాళ్ళే ముందు చెప్పారని సభల్లో అనుకుంటే సంతోషమే. కానీ లెక్కలకు జడిసి పదో తరగతితోనే చదువు మానేసే పిల్లలకు ఆ సంతోషం అక్కరకు రాదు. నిర్బంధం చూసినా, నకళ్ళు రాసి బతకాల్సి వచ్చినా ఆయన కలం దించలేదు. ఈ రాత్రి మీ అబ్బాయినీ అమ్మాయినీ కూర్చోబెట్టి 1 నుంచి 10 దాకా గుణించి, ఒకటి కలిపి, 11తో భాగించమనండి. ఏమైనా మిగిలిందంటే గుణకారంలో తప్పున్నట్టే. కోప్పడకుండా మళ్ళీ చేయించండి.