కాలేయంలో దాగిన మందు

హైదరాబాదు పాతబస్తీలోని పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికైనా, మారుమూల పల్లెలోని ఆరోగ్య కేంద్రానికైనా వెళ్లిన గర్భిణికి ఇచ్చే మాత్రలలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. రక్తహీనతను అరికట్టడానికి భారత ప్రభుత్వం 1970లో చేపట్టిన కార్యక్రమంతో ఈ మాత్రల పంపిణీ దేశమంతటా మొదలైంది. వాటిని మింగే తల్లులలో ఎంతమందికి ఎల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుసు? ఆ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది ఆయనే.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పేదరికం ఆ ఇంటిని విడువలేదు. పదమూడేళ్ల వయసులో, కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్న ఆలోచనతో ఆయన ఇల్లు విడిచి బయలుదేరారు. పెద్దలు దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చారు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడు ప్రయత్నాలు పట్టాయి. తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు విని శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లడం ఆంగ్లేయ ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

ఆ కాలంలోనే ఆ ఇంటి మీద పిడుగు పడింది. పాశ్చాత్య వైద్యులు స్ప్రూ అని పిలిచే సంగ్రహణి వ్యాధితో ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో మరణించారు. ఈ వ్యాధి సోకినవారి పేగులు ఆహార సారాన్ని గ్రహించలేవు. రోగి తిన్నా కృశించిపోతాడు, రక్తం పలుచబడుతుంది. కొంతకాలానికి అదే వ్యాధి సుబ్బారావునూ పట్టుకున్నది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో ఆయన కోలుకున్నారు. తాను అభ్యసించిన వైద్యం సోదరులను కాపాడలేకపోయిందన్న బాధ ఆయనను పరిశోధన వైపు నడిపించింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, మిత్రుల, దాతల సహాయంతో 1920ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరారు. భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి వెళ్లిన ఆయన మళ్లీ తిరిగి రాలేదు.

హార్వర్డులో చదువుకుంటూ, పొట్ట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న పనులు చేశారు. సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద జీవరసాయన పరిశోధనలో చేరి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని రూపొందించారు. 1925లో ప్రకటించిన ఆ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొందింది. ఆ కొలతే వారికి ముందు దారి చూపింది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వారు కనుగొన్నారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా ఎ.టి.పి.ని గుర్తించాడు. ఫాస్ఫోక్రియాటిన్‌లోని క్రియాటిన్‌ను శరీరం ఆర్జినిన్, గ్లైసిన్, మెథియోనిన్ అనే మూడు అమైనో ఆమ్లాల నుంచి నిర్మించుకుంటుంది. సుబ్బారావు జీవితంలో అమైనో ఆమ్లాల ప్రస్తావన ఇక్కడితో ఆగదు.

అమైనో ఆమ్లాలు ప్రోటీన్ల ఇటుకలు. ప్రతి దానిలో ఒక వైపు నత్రజని గల అమైనో సమూహం, మరొక వైపు ఆమ్ల సమూహం ఉంటాయి. మిగిలిన భాగం దేనికది వేరు. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. రెండు సిస్టీన్‌ల గంధకాలు పరస్పరం ముడిపడి ప్రోటీను ఆకారాన్ని నిలబెడతాయి. మన వెంట్రుకల గట్టిదనం ఆ ముడుల చలువే. గ్లుటామిక్ ఆమ్లంలో ఆమ్ల సమూహాలు రెండు. సుబ్బారావు కథ మలుపు తిరిగేది ఈ గ్లుటామిక్ ఆమ్లం దగ్గరనే.

హార్వర్డు ఆయనకు శాశ్వతమైన పదవిని ఇవ్వలేదు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసి, 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్, ఫిస్క్ అసూయ వల్ల సుబ్బారావు పరిశోధనలు కొన్ని వెలుగు చూడలేదని తరువాతి కాలంలో అభిప్రాయపడ్డాడు. 1940లో సుబ్బారావు న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు. రెండేళ్లలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

కాలేయం తింటే ఒక రకమైన ప్రాణాంతక రక్తహీనత తగ్గుతుందని బోస్టన్ వైద్యులు 1926లో చూపి ఉన్నారు. అంతకు కొన్నేళ్ల తరువాత లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణులకు ఈస్టు సారం ఇచ్చి రక్తహీనతను నయం చేసింది. వీటిలో పనిచేస్తున్న పదార్థం ఏది? 1941లో ఇతర శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ పదం నుంచి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. అయితే మందుగా పరీక్షించడానికి ఆ కొద్ది పరిమాణం చాలదు. సుబ్బారావు బృందం కాలేయం నుంచీ, బాక్టీరియాను పెంచిన ద్రవం నుంచీ దానిని శుద్ధిచేసి, ముక్కలుగా విడగొట్టి చూసింది. అందులో మూడు భాగాలు తేలాయి. మొదటిది సీతాకోకచిలుక రెక్కల రంగులలో కనిపించే టెరిడిన్ వర్గానికి చెందినది. రెండవది పారా అమైనో బెంజోయిక్ ఆమ్లం. మూడవది గ్లుటామిక్ ఆమ్లం. కాలేయం నుంచి వచ్చిన దానిలో గ్లుటామిక్ ఆమ్లం ఒక్కటే ఉండగా, బాక్టీరియా ద్రవం నుంచి వచ్చిన దానిలో మూడు ఉన్నాయి. ఈ తేడా తేలడం నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతో తోడ్పడింది. 1945లో బృందం ఈ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే టామ్ స్పీస్ అనే వైద్యుడు క్యూబాలో సంగ్రహణి రోగులకు దానిని ఇచ్చి కోలుకునేటట్లు చేశాడు. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికింది. కాని అప్పటికి పాతికేళ్లు గడిచిపోయాయి.

ఫోలిక్ ఆమ్లం శరీరంలో ఒక్కొక్క కర్బన పరమాణువును ఒక చోటి నుంచి మరొక చోటికి మోసే బంటు వంటిది. సెరీన్ అనే అమైనో ఆమ్లం నుంచి కర్బనాన్ని అందుకుంటుంది. సిస్టీన్ కంటె ఒక కర్బనం ఎక్కువగా గల హోమోసిస్టీన్‌కు దానిని అందించి మెథియోనిన్‌గా మారుస్తుంది. డి.ఎన్.ఏ. నిర్మాణానికీ కర్బనాన్ని సరఫరా చేస్తుంది. ఎముకల మూలుగలో క్షణక్షణం కొత్త రక్తకణాలు పుట్టాలి కనుక ఫోలిక్ ఆమ్లం లోపిస్తే ముందుగా దెబ్బతినేది రక్తమే. నిజానికి సుబ్బారావు మొదట వెదికినది ఇది కాదు. ప్రాణాంతక రక్తహీనతను పూర్తిగా నయంచేసే కాలేయ పదార్థం వేరే ఉన్నది. అది బి12 విటమిన్. 1948లో ఇతర సంస్థల శాస్త్రజ్ఞులు దానిని వేరుచేశారు.

కణాల పెరుగుదలకు ఫోలిక్ ఆమ్లం అంత అవసరమైనప్పుడు, దానివలె కనిపించే నకిలీని అందిస్తే పెరుగుదల ఆగిపోవాలి కదా! బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేస్తున్న సిడ్నీ ఫార్బర్ కోరినది అటువంటి పదార్థాన్నే. రక్త క్యాన్సరుతో అక్కడ చేరిన పసిపిల్లలు వారాలలో, నెలలలో కన్నుమూసేవారు. లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు మొదట గ్లుటామిక్ ఆమ్లాన్ని తీసివేసి, దానికంటె ఒక కర్బనం తక్కువగా గల ఆస్పార్టిక్ ఆమ్లాన్ని అతికించారు. దానితో ఆశించిన మేలు కలగలేదు. తరువాత టెరిడిన్ భాగంలో ఒక అమైనో సమూహాన్ని చేర్చి అమైనోప్టెరిన్‌ను తయారుచేశారు. ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గింది. 1948 జూన్‌లో ఈ ఫలితం ప్రచురితమైంది. ఆ మేలు కొద్ది నెలలే నిలిచినా, రక్త క్యాన్సరును రసాయనంతో అదుపు చేయవచ్చునని అప్పుడు తెలిసింది. అమైనోప్టెరిన్‌కు ఒక మిథైల్ సమూహాన్ని చేర్చగా వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి కూడా వాడుతున్నారు.

ఈ పని జరుగుతూ ఉండగానే ఆయన విభాగం నుంచి బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అనేక అంటువ్యాధులకు ఆరియోమైసిన్ వెలువడ్డాయి. ఒక్క మనిషికి ఇన్ని ఎలా సాధ్యమయ్యాయన్న ఆశ్చర్యం కలుగుతుంది. ఆయన ఒక్కరే చేసినవి కావు. ఫోలిక్ ఆమ్లం తయారీని ప్రకటించిన వ్యాసం మీద 16 మంది పేర్లు ఉన్నాయి. ఏ సమస్యను పట్టుకోవాలో, దానిని ఎవరికి అప్పగించాలో నిర్ణయించడం ఆయన వంతు. కీర్తి కోసం ముందుకు తోసుకురాని స్వభావం వల్ల పత్రికలకూ ప్రజలకూ ఆయన దూరంగానే ఉండిపోయారు.

ఫార్బర్ వ్యాసం వెలువడిన రెండు నెలలకు, 1948 ఆగస్టులో, ఆయన నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి వయసు 53 సంవత్సరాలు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగా సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. భారత తపాలా శాఖ 1995లో, శతజయంతి సందర్భంగా, ఆయన చిత్రంతో తపాలా బిళ్ల వెలువరించింది.