గిన్నెలు కడిగే నీళ్ళలో దొరికిన సైన్సు
(ఆగ్నెస్ పోకెల్స్ జీవితం)

రాత్రి భోజనాలయ్యాక మన హాస్టల్లో కంచాలు కడిగే తొట్టిలో నీటిమీద నూనె తెట్టు తేలుతుంది. ఎవరైనా కాస్త సబ్బునీళ్ళు వేస్తే ఆ తెట్టు చటుక్కున పక్కకు తప్పుకుంటుంది. రోజూ చూసేదే కనుక మేమెవరమూ దాని గురించి ఆలోచించలేదు. ఇలాంటి జిడ్డు నీళ్ళనే చూసి దాదాపు పదేళ్ళు కొలతలు తీసిన ఒక జర్మన్ అమ్మాయి గురించి చదివాక, మీకూ చెప్పాలనిపించింది.

ఆగ్నెస్ పోకెల్స్ 1862 ఫిబ్రవరి 14న వెనిస్ నగరంలో జన్మించారు. అప్పట్లో వెనిస్ ఆస్ట్రియా పాలనలో ఉండేది. తండ్రి ఆస్ట్రియా సైన్యంలో అధికారి. ఆ ప్రాంతంలో మలేరియా వల్ల ఇంటిల్లిపాదీ జబ్బుపడ్డారు. తండ్రి ఉద్యోగం మానుకోవడంతో 1871లో కుటుంబం జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ చేరింది. ఆగ్నెస్ అక్కడ బాలికల పాఠశాలలో చదివారు. ఫిజిక్సు అంటే ఆమెకు ప్రాణం. కానీ ఆ రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల్ని చేర్చుకునేవి కావు. తర్వాత ఆ వీలు కలిగినా తల్లిదండ్రులు వద్దన్నారు. ఆమెకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు ఫ్రిట్జ్ మాత్రం గొట్టింజెన్ వెళ్ళి ఫిజిక్సు చదివాడు. అతడు ఇంటికి తెచ్చిన పుస్తకాలే అక్కకు కాలేజీ. వంట, గిన్నెలు, జబ్బుపడిన తల్లిదండ్రుల సేవ - ఇవన్నీ అయ్యాకే చదువు.

1880లో, 18 ఏళ్ళ వయసులో, ఆమె చూపు జిడ్డు నీళ్ళమీద పడింది. నీటి పైపొర సాగదీసిన పలుచని తోలులా బిగువుగా ఉంటుంది. దీన్నే మనం తలతన్యత అని చదువుకున్నాము. జిడ్డు చేరితే ఆ బిగువు తగ్గుతుంది. ఎంత తగ్గుతుంది? అది తేల్చడానికి ఆమె ఒక రేకు తొట్టి సిద్ధం చేసుకున్నారు. పొడవు 70 సెంటీమీటర్లు, వెడల్పు 5, లోతు 2. దానినిండా అంచుదాకా నీళ్ళు పోసి, ఒక రేకు పట్టీని నీటిని తాకేలా అడ్డంగా పెట్టారు. పట్టీని జరిపితే ఒకవైపు జిడ్డు దగ్గరకు చేరుతుంది, రెండోవైపు నీరు శుభ్రపడుతుంది. నీటిమీద ఆనించిన చిన్న బిళ్ళను పైకి లాగడానికి ఎంత బరువు కావాలో త్రాసుతో చూస్తే బిగువు లెక్క తెలుస్తుంది. అంతే పరికరం! జిడ్డుపొర విశాలంగా పరచుకున్నంతసేపూ బిగువులో మార్పు లేదు. ఒక హద్దు దాటి పొరను దగ్గరకు నెట్టగానే బిగువు ఒక్కసారిగా పడిపోయింది. ఆ హద్దు దగ్గర జిడ్డు అణువులు ఒకే వరుసలో ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయని తర్వాతి శాస్త్రవేత్తలు తేల్చారు. కంటికి కనిపించని అణువు పరిమాణాన్ని రేకు తొట్టితో అందుకునే దారి అలా తెరుచుకుంది.

ఈ ఫలితాలు ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయాయి. ఇంగ్లండులో లార్డ్ రేలీ కూడా నీటి పైపొరమీద పరిశోధిస్తున్నారని తెలిసి, 1891 జనవరిలో ఆమె ఆయనకు జర్మన్ భాషలో ఉత్తరం రాశారు. రేలీ అప్పటికే పేరు మోసిన శాస్త్రవేత్త. ముక్కూ మొహం తెలియని ఆమె ఉత్తరాన్ని ఆయన పక్కన పడేయలేదు. భార్యచేత ఇంగ్లీషులోకి అనువదింపజేసి, ప్రచురించమని సిఫారసు చేస్తూ నేచర్ పత్రికకు పంపారు. మార్చి 12న అది అచ్చయింది. ఆ పెద్దమనసు లేకపోతే ఆ లెక్కలన్నీ ఏమైపోయేవో!

వంటింట్లోనే ఇంత సాధించారని ఆమెను మెచ్చుకునేవారు చాలామంది. మాకు మాత్రం తమ్ముడితోపాటు ఆమెనూ చదివించి ఉంటే ఎంత బాగుండేదో అనే అనిపిస్తుంది. అతడు ప్రొఫెసర్ అయ్యాడు, పోకెల్స్ ఎఫెక్ట్ అని అతని పేరు పుస్తకాల్లోకి ఎక్కింది. ఆగ్నెస్ తొట్టిని మెరుగుపరచి అమెరికాలో లాంగ్‌ముయిర్ 1917లో గొప్ప ఫలితాలు ప్రకటించారు. నేటికీ సాఫ్ట్ మేటర్ ప్రయోగశాలల్లో సబ్బులు, కొవ్వులు, పాలిమర్ల పలుచని పొరలను అటువంటి తొట్టిలోనే కొలుస్తారు. దాని పేరు మాత్రం లాంగ్‌ముయిర్ తొట్టి.

1891 తర్వాత ఆమె మరికొన్ని వ్యాసాలు రాశారు. 1906లో తండ్రి, 1913లో తమ్ముడు, 1914లో తల్లి పోయారు. యుద్ధం వచ్చింది, కళ్ళూ దెబ్బతిన్నాయి. పరిశోధన ఆగిపోయింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. 70 ఏళ్ళు నిండే వేళ, 1932లో, బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. లాంగ్‌ముయిర్‌కు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ ఏడాదే. 1935 నవంబరు 21న డాక్టర్ ఆగ్నెస్ పోకెల్స్ బ్రౌన్‌ష్వైగ్‌లోనే కన్నుమూశారు.