పావులూరి మల్లన

గుండ్లకమ్మ పరిసరాలలోని నల్లరేగడి నేలను పూర్వం కమ్మనాడు అని వ్యవహరించేవారు. ఆ సీమలోని పావులూరికి తాను విభుడనని చెప్పుకొన్న కవి పావులూరి మల్లన. ఆ ఊరు మొదట గుంటూరు జిల్లాలో, 1970 తరువాత ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరింది. నేడు పత్తికీ, మిరపకూ పేరుగాంచిన ఆ పొలాలలో మల్లన కాలానికి మిరప లేదు. అది పోర్చుగీసువారి రాక తరువాతనే మన దేశానికి వచ్చింది.

మల్లన తండ్రి శివన్న, తల్లి గౌరమ్మ. రాజరాజనరేంద్రుడు పిఠాపురం చెంతనున్న నవఖండవాడను మల్లనకు దానం చేశాడు. ఆ మల్లన ఈ కవియేనని, కనుక ఈయన నన్నయకు సమకాలికుడని కొందరు పండితులు తలచారు. దానం పొందినవాడు అదే పేరుగల తాత అని, కవి తరువాతి తరాలవాడని మరికొందరు నిర్ణయించారు. తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం మనకు తెలిసినదే కనుక రెండవ అభిప్రాయమే సహజంగా తోస్తుంది.

క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలాన మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసారసంగ్రహాన్ని రచించాడు. మల్లన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా దీనిని పరిగణిస్తారు. పొలం కొలతలు, ధాన్యం లెక్కలు, వడ్డీ వ్యవహారాలు ఊరి జీవితానికి ఆయువుపట్టు. సంస్కృతం రాని రైతుకు, వర్తకునికి ఆ లెక్క సరియో కాదో పరీక్షించుకొనే సాధనం అంతవరకు తన భాషలో లేదు.

కావ్యానువాదంలో కవి కొంత స్వేచ్ఛ తీసుకోవచ్చు. గణితంలో అది కుదరదు. సూత్రంలో ఒక మాట తప్పితే అప్పు తీర్చేవాడు నష్టపోతాడు. పైగా కొన్ని సూత్రాలకు రాశులెన్నో ముందుగా తెలియదు. త్రైరాశికంలో తెలిసిన రాశులు మూడు, పంచరాశికంలో అయిదు, అలాగే ఏడు, తొమ్మిది. వీటన్నింటికీ సూత్రం ఒకటే. ఉదాహరణకు నూరు మాడలకు మూడు నెలలలో ఆరు మాడల వడ్డీ అయితే, రెండువందల యాభై మాడలకు నాలుగు నెలలలో ఎంత? ఫలమైన ఆరును రెండవ వైపునకు మార్చి, 250, 4, 6లను గుణిస్తే 6000 వస్తుంది. దానిని 100, 3ల లబ్ధమైన 300తో భాగిస్తే ఇరవై మాడలు. రాశులు పెరిగినా ఇదే మార్గం. ఎన్ని విలువలనైనా స్వీకరించే సూత్రాన్ని ఒక కంప్యూటర్ భాష నుండి మరొక దానికి మార్చే నేటి నిపుణులకు ఈ చిక్కు బాగా తెలుసు.

మల్లన మూలాన్ని మక్కికి మక్కిగా అనుసరించలేదు. జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు చేర్చాడు. వర్గానికీ, ఘనానికీ మహావీరుడు పలు పద్ధతులు చెప్పగా, తాను ఒక్కొక్కటే చాలుననుకొన్నాడు. గుణకారానికి మాత్రం మూలంలో లేని లెక్కలెన్నో కల్పించాడు. పండితులకు ఇది లోపంగా కనబడవచ్చు గాని, నేర్చుకొనేవానికి అవసరమైనది అభ్యాసమే కదా!

చదరంగపు గళ్ళ పద్యం మల్లన పేర ప్రసిద్ధమైనది. మొదటి గడిలో ఒకటి, తరువాతి గడిలో రెండు, ఆపై నాలుగు చొప్పున అరవైనాలుగు గళ్ళలో రెట్టింపు చేస్తూ పోతే మొత్తమెంత? రెండును వర్గం చేసి, వచ్చినదానిని మళ్ళీ వర్గం చేస్తూ ఆరుమార్లు సాగితే రెండు అరవైనాలుగవ ఘాతం వస్తుంది. అందులో ఒకటి తీసివేస్తే 18446744073709551615. ఇరవై అంకెలు గల ఈ సంఖ్యను ఒక్క పద్యంలో ఎలా ఇమడ్చాలి? అంకెలకు సంకేత పదాలున్నాయి. బాణాలంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, ఆకాశమంటే సున్న, వేదాలంటే నాలుగు. వీటిని ఒకట్ల స్థానం నుండి ఎడమకు చదువుకోవాలి. ఏడుకు పర్వతమనే అర్థం గల ఏ పదమైనా సరిపోతుంది. అందువల్ల యతిప్రాసల కోసం పదం మారినా విలువ చెక్కుచెదరదు. ఛందస్సు, గణితం రెండూ తెలిసినవానికే ఇది సాధ్యం.

సారసంగ్రహ గణితమనే అసలు పేరుకన్న పావులూరి గణితమనే పేరే జనం నోట నిలిచింది.